జాలారు పక్క మడి

సుకుమారి మా వాడకు కోడలుగా వచ్చిన కొత్తలో, సాయంత్రం కలుపు తీసి ఇంటికి వచ్చేటప్పుడు ఆమె ఒడి మూటలా ఉబ్బి ఉండేది. కూలికి పోయిన ఆడవాళ్లందరి ఒళ్లోనూ ఇంత కూర ఉండేదే. ఈమెది మాత్రం అందరికన్నా పెద్ద మూట. ఎవరింట్లో ఏం ఉడుకుతున్నదో తెలుసుకోకపోతే నాకు అన్నం సయించదు. ఒకనాడు ఎదురుపోయి ఆపాను.

“ఏం పిల్లా, జొన్నకంకులు గిట్ట చుట్టుకొస్తున్నవా ఏంది?”

“కంకులైతె నీ వాకిలి ముందట నుంచి ఎందుకొస్త పెద్దమ్మా, ఎనక సందుల నుంచి పోతుంటి” అని నవ్వి ఒడి విప్పింది.

జొన్నచెంచలి, తుమ్మి, గంగవాయిలి, పైన నాలుగు పొన్నగంటి కొమ్మలు. వేళ్ల మట్టి దులిపి, దేనికది విడిగా పెట్టుకుంది. అవన్నీ ఎవరూ విత్తకుండా జొన్నచేలో మొలిచే కూరలే. చేను ఎవరిదైనా సరే, పీకిన కూర కలుపు తీసినవాళ్లదే. మా పక్క అదే పద్ధతి. ఆసాములు కూడా అడిగేవాళ్లు కాదు. ఆ కూర పప్పులో పడేది, రొట్టె మీదికి వచ్చేది, ఇంటిల్లిపాది కడుపులోకి పోయేది. దానికి ఎవరూ విలువ కట్టలేదు.

వాళ్ల ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. వాళ్లు రోడ్డు పక్క చర్చికి పోయేవాళ్లు, మేము పోచమ్మకు బోనం తీసేవాళ్లం. అయినా ఆమె అత్త సువార్తమ్మా నేనూ ఒకే ఏడు ఈ ఊరికి కాపురానికి వచ్చినవాళ్లం. అప్పటి నుంచి ఆమె నన్ను వదినె అంటుంది, నేను ఆమెను వదినె అంటాను. ఆ వరుసనే సుకుమారికి నేను పెద్దమ్మనయ్యాను.

సుకుమారికి ఒక ఆడపిల్ల పుట్టింది. లీల అని పేరు పెట్టుకున్నారు. ఆ పిల్లకు నాలుగో ఏడు వచ్చేసరికి మా పటాన్‌చెరు వైపు చాలా మారిపోయింది. బొంబాయి రోడ్డు పక్క చేలకు ముళ్లతీగ వచ్చింది. తీగ లోపల కంపెనీల గోడలు లేచాయి. సుకుమారి మగడు దేవసహాయానికి ఒక కంపెనీలో మోతపని దొరికింది. ఖాకీ చొక్కా ఇచ్చారు. సువార్తమ్మ ఆ చొక్కా ఉతికి, అందరికీ కనబడేటట్టు వాకిట్లో ఆరవేసేది.

“నా కొడుకు ఇగ ఎవని చేన్ల వంగడు వదినె. సైరన్ కొడితె పోతడు, సైరన్ కొడితె వస్తడు.”

కోడలిని కూడా ఇక కూలికి పోవద్దన్నది. పోదామన్నా కలుపు తీయడానికి ఆ చేలు లేవు.

ఆ తరువాత డెబ్బై రెండు కరువు వచ్చింది. మిగిలిన చేలు కూడా ఎండి నెర్రెలు పట్టాయి. జొన్నే మొలవని చోట కలుపు ఏం మొలుస్తుంది. రేషన్ దుకాణంలో ఇచ్చే ఎర్రజొన్నలూ గోధుమరవ్వా తప్ప వేరే తిండి లేదు. సుకుమారి ఇంట్లో మాత్రం రెండు పూటలా పొయ్యి రాజేది. జొన్నరవ్వ ఉడికించిన గటక, పచ్చిపులుసు, కారం ముద్ద. అందరి కడుపులూ నిండేవి. కంపెనీ నౌకరీ ఇల్లు కదా, వాళ్లకేం తక్కువ అని వాడంతా అనుకునేది. చేలతోపాటు కూర కూడా పోయిందన్న సంగతి ఎవరికీ తోచలేదు.

పొద్దుగూకే వేళ మా వాడ పిల్లలు వీధిలో ఆడుకుంటారు. లీల మాత్రం పొద్దు వాలగానే మా గోడకు ఆనుకొని కూర్చునేది. పిలిస్తే లేవదు. పిల్లలు “ముసలమ్మా, ముసలమ్మా” అని ఎక్కిరించి పోయేవాళ్లు. ఈ పిల్ల ఎందుకు లేవదో చూద్దామని ఒకనాడు బెల్లం ముక్క తెచ్చి ముఖం ముందు పట్టాను.

“తీస్కో బిడ్డా.”

పిల్ల చెయ్యి చాపింది. బెల్లం ఒకపక్క ఉంటే చెయ్యి ఇంకోపక్కకు పోయింది. గాలిలో కాసేపు వెతికింది. ఆ తరువాత నా మోకాలు తడిమి, మోకాలి మీద నుంచి మోచెయ్యి పట్టుకొని, వేళ్ల దాకా వచ్చి బెల్లం అందుకుంది.

“నీకు కనబడ్తలేదా లీలా?”

“పొద్దు మునిగింది గద అమ్మమ్మా. గిప్పుడు ఎవలకు కనబడ్తది?” అన్నది బెల్లం చప్పరిస్తూ.

పొద్దు మునిగితే లోకంలో అందరికీ అంతే అనుకుంటున్నది ఆ పిల్ల. గోడ మీద నుంచి సుకుమారిని కేకేశాను. ఆమె చేతిలో పిండి చేతిలోనే ఉండగా వచ్చి విన్నది.

“దీపం పెట్టినంక నా కొంగు ఇడుస్తలేదు పెద్దమ్మా. గారాబమనుకున్న” అన్నది.

శుక్రవారం నాడు చర్చి వసారాలో పుష్పమ్మ అనే నర్సు కూర్చుని బాలింతలనూ పిల్లలనూ చూసేది. సుకుమారి పిల్లను ఎత్తుకొని పోతే నేనూ వెంట పోయాను. పుష్పమ్మ లీల రెప్పలు విప్పి వెలుతురుకు తిప్పింది. తెల్లగుడ్డు మీద సబ్బునురగ ఎండినట్టు ఒక మచ్చ ఉంది.

“రేచీకటి. పిల్ల ఆకుకూర తినక ఎన్ని దినాలైంది?” అని అడిగింది.

సుకుమారి ఆలోచించింది. వేళ్లు ముడిచింది, విప్పింది.

“నోట్లె పోసే మందున్నది గని, అయిపోయింది. వస్తె నేనే తెస్త. అప్పటిదాక దినాం ఆకుకూర పెట్టు. ఉత్తగ ఉడకబెట్టుడు కాదు, ఇంత నూనె పొయ్యి. నూనె లేకుంటె కూర సత్తువ కంటికి పోదు. ఇడిసిపెడితె నల్లగుడ్డు పుండైతది. అది కరిగిపోయినంక ఎవలు వచ్చినా ఏం చెయ్యలేరు.”

“గీ కరువుల కూర ఏడ దొరుకుతది సిస్టరమ్మా? అంగట్ల ఎండు మిరపకాయలు తప్ప ఏం లేవు.”

“దొరకకుంటె పెంచు తల్లీ” అన్నది పుష్పమ్మ. మెల్లగానే అన్నది కానీ ఆ మాట సుకుమారి మీద బండలా పడింది.

మా చెలకలో దిగుడుబావి ఉంది. నీళ్లు పోయి అడుగున బురద మిగిలింది. ఆ బురద అంచున పొన్నగంటి కొమ్మలు నాలుగు బతికి ఉన్నాయి. సుకుమారి మెట్లు దిగిపోయి, కణుపులు విరగకుండా కోసుకొచ్చింది. పొన్నగంటికి విత్తనం అక్కరలేదు, కణుపు మట్టిలో పెడితే వేరు పడుతుంది. నీళ్లు మాత్రం కావాలి.

వాళ్ల ఇంటి వెనుక నాలుగు బండలు పరిచిన జాలారు ఉండేది. స్నానమైనా అంట్లు తోమడమైనా అక్కడే. నీళ్లు గోడ కింది కంత నుంచి బయటికి పోయేవి. ఆ కంత దగ్గర సుకుమారి చాపంత మడి చేసింది. మేక పెంటికలు నలిపి వేసింది. కోళ్లు కెలకకుండా చుట్టూ తుమ్మకంప నాటింది. అంతా చేశాక చూసుకుంటే, ఒక ఇంటి జాలారు నీళ్లతో ఆ మడి సగం కూడా తడవడం లేదు. ఊరి బావిలో బిందెకు వంతు కట్టిన రోజులవి. తాగే నీళ్లు పోయలేదు కదా. అందుకని బకెట్ పట్టుకొని ఇంటింటికీ బయలుదేరింది.

ఎదురింటి మొగులమ్మ నోరు సంగారెడ్డి దాకా వినబడుతుంది.

“చింతపండు అడిగేటోళ్లను చూసిన, నిప్పు అడిగేటోళ్లను చూసిన. అంట్లు తోమిన నీళ్లు అడిగేదాన్ని నిన్నే చూసిన పోరి.”

“పారబోసేటియే కదత్తా.”

“బియ్యం కడిగినయి నా బర్రెకు కుడితి. మొఖం కడిగినయి నీకు. పంచుకుందామా?”

“గట్లనే. మామను జెర సబ్బు లేకుంట, మంచిగ రుద్ది కడుక్కోమను. ఇంకో చెంబు ఎక్కువొస్తది.”

మొగులమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే గడప మీద నిలబడి, తన పాత్ర అంటకుండా పైనుంచి బకెట్‌లో పోసింది. ఆ రోజుల్లో వాళ్ల కులపు వాళ్లకు అట్లాగే పోసేవాళ్లు. సుకుమారి తల ఎత్తలేదు. చుక్క కింద పడకుండా బకెట్ చూసుకుంది.

ఈ సంగతి కంపెనీ గేటు దాకా పోయింది. దేవసహాయం డ్యూటీ దిగి వచ్చి, చొక్కా గుంజి మంచం మీద కొట్టాడు.

“కంపెనీ నౌకరోని పెండ్లాం మురికినీళ్లు అడుక్క తిరుగుతదంటున్నరు. తలకాయ ఎత్తనిస్తలేరు నన్ను.”

“నీ తలకాయ రేపు ఎత్తుకో. బిడ్డ కన్ను రేపటిదాక ఆగది” అన్నది సుకుమారి. ఆ రాత్రి నుంచి అతను కూడా స్నానం జాలారులోనే, సబ్బు లేకుండా చేసేవాడు.

పొన్నగంటి నాటుకుంది. మొదటి కోత గుప్పెడు కూడా రాలేదు. సుకుమారి దాన్ని సన్నగా తరిగి, నూనెలో వేయించి, రొట్టెలో చుట్టి లీలకు పెట్టింది. పిల్ల ఉమ్మేసింది. ఏరి మళ్లీ పెట్టింది. రోజూ అదే పోరాటం. నేను గోడ మీద నుంచి చూస్తూ, “తినకుంటె నేను తింట” అని బెదిరించేదాన్ని. కొన్ని వారాలు పోయాక, ఒక సందెవేళ లీల నా ముఖంలోకి చూసి, “అమ్మమ్మా, నీ ముక్కుపుల్ల మెరుస్తుంది” అన్నది.

సుకుమారి ఆ మాట మళ్లీ చెప్పించుకుంది. మళ్లీ చెప్పించుకుంది.

సరిగ్గా ఆ వారమే వాడలోకి తట్టు వచ్చింది. ముందు మొగులమ్మ మనవడికి, ఆ వెంట లీలకు. ఒళ్లు కాలిపోయే జ్వరం, ముఖం నిండా ఎర్రటి పొక్కులు, కళ్లు తెరవలేక ఏడుపు. మేమైతే అమ్మవారు వచ్చిందంటాం. సువార్తమ్మ ఆ మాట అనదు కానీ వేపకొమ్మ తెచ్చి గుమ్మానికి కట్టింది, పిల్ల తలకింద బైబిల్ పెట్టింది.

“ప్రార్థన ప్రార్థనే వదినె. వేపాకు వేపాకే” అన్నది.

తట్టు ఉన్న ఇంట్లో పొయ్యి మీద నూనె పెట్టరు. పోపు వాసన రాకూడదు. పచ్చని ఆకు వండకూడదు. పిల్లకు వేపాకు నీళ్లతో తలస్నానం చేయించేదాకా జావ ఒక్కటే. మా ఇళ్లలోనూ అదే పత్యం, వాళ్ల ఇళ్లలోనూ అదే. కానీ సువార్తమ్మ పట్టుకు వేరే కారణం ఉంది. దేవసహాయానికి ముందు ఆమెకు ఇంకో కొడుకు ఉండేవాడు. వాడికి లీలంత వయసులో తట్టు వచ్చింది. చుట్టాలు వచ్చారని ఆమె పప్పుకు పోపు పెట్టింది. ఆ సాయంత్రమే పిల్లవాడు పోయాడు. ఆ నూనె వాసనే కొడుకును తీసుకుపోయిందని ఆమె అప్పటిదాకా నమ్ముతూ వచ్చింది. ఎవరో చెబితే నమ్మింది కాదు, కళ్లారా చూశాననేది.

“సిస్టరమ్మ దినాం కూర పెట్టుమన్నదత్తా” అన్నది సుకుమారి.

“రేచీకటికి పెట్టుమన్నది. తట్టుకు పెట్టుమన్నదా?”

అడుగుదామంటే ఆ శుక్రవారం పుష్పమ్మ రాలేదు. కరువు ఊళ్లలో గంజి పోసే చోట పిల్లలను చూడడానికి పోయిందన్నారు. దేవసహాయం సైకిల్ మీద వెతికి, ముఖం వేలాడేసుకొని వచ్చాడు.

“ఆందోల్ దిక్కు పోయిందంట. ఏ ఊర్లె ఉన్నదో ఎవలకు తెల్వదు.”

కోసేవాళ్లు లేక మడి పెరిగింది. జ్వరంతో పడుకున్న పిల్ల కోసం ఇంట్లో గుడ్డలు ఉతికిన నీళ్లు, వేపాకు కాచిన నీళ్లు, అన్నీ ఆ కంతలో నుంచే పోయాయి. పొన్నగంటి తుమ్మకంప మీదికి ఎక్కి, గోడ మొదలంతా పరుచుకుంది. ఊరంతా మట్టిరంగులో ఉంటే అక్కడొక్కచోట కళ్లు చల్లబడే పచ్చదనం. దారిన పోయేవాళ్లు ఆగి చూసి, “ఏం మడి చేసినవే సుకుమారీ” అని పోయేవాళ్లు. పిల్ల మంచానికీ ఆ మడికీ నడుమ ఒక్క మట్టిగోడ. సుకుమారి మంచం దగ్గర కూర్చుంటే వెనుక తలుపులో నుంచి ఆకులు కనబడేవి. లేచి తలుపు దగ్గరికి వేసేది. కాసేపటికి మళ్లీ తీసేది.

పొక్కులు మాడిపోయాయి కానీ కళ్లు తెరుచుకోలేదు. రెప్పల కింద నుంచి చీములాంటి నీళ్లు కారుతున్నాయి. జావ తాగీ తాగీ పిల్ల పుల్లలా అయింది. ఇంకా తలకు నీళ్లు పోయలేదు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం నేను వాళ్ల ఇంట్లోనే ఉన్నాను. పెంకుల సందు నుంచి ఎండ సరిగ్గా పిల్ల ముఖం మీద పడుతున్నది. లీల రెప్పలు విప్పి, తల అటూ ఇటూ తిప్పింది.

“అమ్మా, పొద్దు మునిగిందా?”

సుకుమారి పిల్ల చేతిని తన మీద నుంచి తీసి మంచం మీద పెట్టింది. చూరులో దోపిన కొడవలి గుంజి జాలారు వెనక్కి పోయింది. తుమ్మముళ్లు గీరుకుంటున్నా ఆగకుండా దోసెళ్లకొద్దీ కోసింది. పొయ్యి మీద మూకుడు పెట్టి నూనె పోసింది. ఆవాలు చిటపటలాడాయి. ఎల్లిపాయ వాసన గోడలు దాటి, మా ఇల్లు దాటి, వాడంతా నిండింది.

తట్టు ఇంట్లో నుంచి పోపు వాసన వస్తే ఎవరూరుకుంటారు. ఆడవాళ్లంతా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని వాకిట్లో గుమిగూడారు.

“నీకు మతి ఉన్నదా పోరి. వాడ వాడకంత తగుల్తది. నా మనుమడు ఇంకా లేవనే లేదు” అన్నది మొగులమ్మ.

సువార్తమ్మ బయటి నుంచి పరుగెత్తుకొచ్చి పొయ్యికి అవతల నిలబడింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కోడలికి రెండు చేతులూ జోడించింది.

“నా కొడుకు గిదే వాసనకు పాయె. నీ కాల్మొక్త, దించు బిడ్డా.”

సుకుమారి గరిటె ఆపలేదు.

“నీకు కొడుకు పోయిండు అత్తా, నాకెరికే. నా బిడ్డ పగటిపూట పొద్దు మునిగిందా అంటుంది. ఇంకేం పత్యం చెయ్యాలె నేను?”

“అది సస్తే?”

“సస్తే జిమ్మేదారి నాది. నిన్ను ఒక్క మాటంటే అడుగు.”

పిల్లను ఒళ్లో పెట్టుకొని తినిపించింది. నోట్లో పుండ్లు, ముద్ద తగిలితే పిల్ల విలవిల్లాడింది. సుకుమారి వేలితో మెత్తగా చేసి, నాలుక మీద పెట్టి, మింగేదాకా గొంతు నిమిరింది. సువార్తమ్మ మంచం కోడు పట్టుకొని కింద కూర్చుంది. పిల్ల రొమ్ము మీద అరచెయ్యి వేసి, ఊపిరి ఎప్పుడు ఆగుతుందా అని చూస్తూ అట్లాగే ఉండిపోయింది. దీపం పెట్టినా లేవలేదు. తెల్లవారి నేను పోయేసరికి కూడా ఆ చెయ్యి అక్కడే ఉంది. దాని కింద పిల్ల ఊపిరి ఆడుతూనే ఉంది. సువార్తమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో సంతోషం లేదు. ఇన్నేళ్లూ కొడుకును తానే చంపుకున్నానని మోసిన బరువును ఎక్కడ దించాలో తెలియని మనిషిలా చూసింది.

“గట్లయితె వాడు దేనికి పోయిండు వదినె?” అని అడిగింది.

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

దేవసహాయం డ్యూటీ ఎగ్గొట్టి, ఊరూరూ తిరిగి, చివరికి పుష్పమ్మను సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టుకొని తెచ్చాడు. ఈసారి ఆమె సంచిలో మందు ఉంది. లీల ఎడమ కన్ను విప్పి చూసి, మెల్లగా మూసింది. నల్లగుడ్డు ఉన్నచోట తెల్లటి పువ్వు. కుడికన్ను అంచున మబ్బు పట్టినట్టుంది. పిల్ల నోట్లో మందు పోసి, తల నిమిరి, సుకుమారితో ఉన్నదున్నట్టు చెప్పింది.

“ఎడమది పోయింది తల్లీ. కుడిది నిలవచ్చు. కూర ఆపకు.”

కుడిది నిలిచింది. కొన్నాళ్లకు మబ్బు విడిపోయింది. నాకు అడగకుండా ఉండడం చేతకాదు కదా, పుష్పమ్మ తిరిగి వచ్చినప్పుడు అడిగాను.

“మందు నిలిపిందా సిస్టరమ్మా, కూర నిలిపిందా?”

“రెండు అక్కా. ఏది ఎంతనో నేను చెప్పలేను. నడుమల కూర ఆపకుంటె ఆ ఎడమది కూడ...” అని, పక్కన సువార్తమ్మను చూసి మాట ఆపేసింది.

ఆపినా సువార్తమ్మకు వినబడింది. మరునాటి నుంచి బకెట్ ఆమె పట్టుకుంది. కొడుకు ఖాకీ చొక్కా వాడంతా చూపించుకున్న మనిషి, గడప గడపకూ పోయి ముఖం కడిగిన నీళ్లు అడిగింది. మొగులమ్మ ఈసారి హాస్యమాడలేదు. తన జాలారు పక్కన కూడా మడి చేసుకుంటానని నాలుగు కణుపులు అడిగి తీసుకుంది. తరువాతి ఏడు వానలు పడ్డాయి కానీ, రోడ్డు పక్క చేలు మళ్లీ చేలు కాలేదు. మా వాడలో కూర అంటే ఇక జాలారు పక్క కూరే.

లీల బడికి పోయే వయసుకు వచ్చింది. దారిలో ఎడమ పక్క నుంచి బండ్లు వస్తే తెలియదు. అందుకని సుకుమారి ఎప్పుడూ ఆ పక్కనే నడిచేది. సందెవేళ సువార్తమ్మ పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకొని, పొన్నగంటి కాడ ఒకటి పట్టుకొని, “ఇది ఏ పక్కకున్నది చెప్పు” అని అడిగేది. ఒకరోజు కాదు, రోజూ.

“నాయనమ్మా, కనబడ్తుంది. ఇగ చాలు” అనేది లీల విసుగ్గా.

“ఇంకొక్కసారి చెప్పు బిడ్డా.”

సుకుమారి మాత్రం ఆ మడిని జానెడు ఎత్తు కూడా పెరగనిచ్చేది కాదు. చిగురు కనబడితే కోసేది. ఇంట్లో ఎక్కువైతే పంచిపెట్టేది కానీ, మడి మీద ఉంచేది కాదు. ఒక వానాకాలం నేను గోడ మీద నుంచి చూస్తూ ఉండబట్టలేక అన్నాను.

“జెర పెరగనియ్యి పిల్లా. రెండు దినాలాగితె మడి నిండుగైతది.”

సుకుమారి వంగిన నడుము ఎత్తకుండానే జవాబిచ్చింది.

“నిండుగ కావద్దు పెద్దమ్మా. లీల మంచంల ఉన్న దినాలల్ల గూడ నిండుగనే ఉండె” అన్నది, కొడవలి మట్టికి ఆనించి మళ్లీ కోయసాగింది.